వాడే చూసుకుంటాడు! ఫైటర్ విమానాలతో ఆకాశం పంచుకునేవారికి సలహాలు

కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం అమెరికా బయల్దేరే మన పిల్లలకు ఆవకాయ జాడీ ఎలా సర్దుకోవాలో చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు. సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒంటరిగా పోతుంటే ఎదురుగా ఎఫ్-16 వస్తే ఏం చేయాలో చెప్పే పెద్దదిక్కే ఉండదు. ఫ్లోరిడా, టెక్సాస్, అరిజోనా: మనవాళ్లు 200 గంటలు పోగేసుకోవడానికి వెళ్లే ఈ రాష్ట్రాల్లోనే అమెరికా వైమానిక దళం కూడా తన కుర్రాళ్లకు విద్య నేర్పుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే ఆకాశం ఇద్దరికీ కావాలి మరి.

అందుకే ఈ సలహాలు. వీటన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: వాడే చూసుకుంటాడు. వాడికి రాడార్ ఉంది, నెలనెలా జీతం ఉంది. మీరేమో నాన్న తెచ్చిన బ్యాంకు లోనుతో గంటకింతని అద్దె కట్టి ఎగురుతున్నారు. కళ్లు తెరుచుకుని ఉండాల్సిన బాధ్యత ఎవరిదో వేరే చెప్పాలా?

1. మ్యాపు మీది రంగులు అందానికే అనుకోండి

సెక్షనల్ చార్టు తెరవగానే ముదురు గులాబీ రంగు గీతల అంచుతో పెద్ద పెద్ద గళ్లు కనిపిస్తాయి. వాటిని మిలిటరీ ఆపరేషన్స్ ఏరియా, ముద్దుగా మోవా అంటారు. లోపల ఫైటర్లు ఒకదాని వెంట ఒకటి పడి కుస్తీ పడుతుంటాయి, నిట్టనిలువుగా లేస్తాయి, అంతే నిలువుగా దిగుతాయి. అయినా కంటిచూపు మీద ఎగిరే పౌర విమానం అందులోకి అనుమతి అడక్కుండానే వెళ్లవచ్చని చట్టం చెబుతోంది. చట్టం కాదనలేదంటే ప్రమాదం లేదన్నమాటే కదా! ఆ మోవా ఏ రోజుల్లో, ఏ వేళల్లో, ఏ ఎత్తుల్లో పనిచేస్తుందో చార్టు అంచునే రాసి ఉంటుంది. వేళలు మారితే నోటమ్ అనే హెచ్చరిక ప్రకటన ఇస్తారు. ఫ్లైట్ సర్వీస్‌కు ఒక్క ఫోన్ కొడితే ఈ పూట పరిస్థితి ఏమిటో ఉచితంగా చెబుతారు. కానీ చెప్పాక చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తే? అద్దె గంటలు లెక్కపెట్టే హాబ్స్ మీటరు ఊరుకుంటుందా? అడక్కపోవడమే లాభం.

నీలం అంచున్న గడి మాత్రం వేరు. అది రెస్ట్రిక్టెడ్ ఏరియా. అక్కడ నిజం గుండ్లు పేలుస్తుండొచ్చు. గుండుకు కళ్లుండవు కాబట్టి మన మూలసూత్రానికి అదొక్కటే మినహాయింపు.

2. సన్నగీత దాటేశాక ఊపిరి పీల్చుకోండి

చార్టులో బూడిదరంగు గీతలు, వాటి పక్కన వీఆర్ అనో ఐఆర్ అనో ఒక అంకె ఉంటాయి. అవి ఫైటర్లు నేలబారుగా దూసుకుపోయే శిక్షణ దారులు. అంకెలో నాలుగు స్థానాలుంటే ఆ దారి మొత్తం నేల నుంచి 1,500 అడుగుల లోపే నడుస్తుంది. మూడే ఉంటే ఎక్కడో ఒకచోట అంతకంటే పైకి లేస్తుంది. ఇదంతా బట్టీ పట్టడం దండగ. గీత సన్నగా ఉంది కాబట్టి దారి కూడా సన్నదే అనుకోండి. ఆ గీత దారికి నడుమ మాత్రమేనని, అటూ ఇటూ కొన్ని మైళ్ల దాకా అది దారేనని చెప్పేవాళ్ల మాట వినకండి. పది వేల అడుగుల కింద 250 నాట్లు దాటకూడదన్న నియమం మీకే గానీ ఈ దారుల్లో వాళ్లకు వర్తించదన్న సంగతి కూడా తెలుసుకోకండి. తెలిస్తే మనసు పాడవుతుంది.

3. పొరపాటున కూడా లెక్క వేయకండి

ఎదురొచ్చే విమానాన్ని తప్పించుకోవడానికి మనిషికి ఎంత సమయం కావాలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఒక పట్టిక ఇచ్చింది. వస్తువు కంట పడటానికి 0.1 సెకను. అది విమానమని పోల్చుకోవడానికి 1 సెకను. మన మీదికే వస్తోందని గ్రహించడానికి 5. ఎటు తిరగాలో తేల్చుకోవడానికి 4. చేయి కదలడానికి 0.4. చేయి చెప్పిన మాట విమానం వినడానికి 2. మొత్తం 12.5 సెకన్లు.

మీ సెస్నా 110 నాట్లలో పోతోంది, ఎదురుగా ఫైటర్ 420 నాట్లలో వస్తోంది అనుకుందాం. రెండూ కలిపి 530. ఆ లెక్కన 12.5 సెకన్లలో మీ ఇద్దరి మధ్య కరిగిపోయే దూరం సుమారు 3.4 కిలోమీటర్లు. అంటే ఎఫ్-16 అంత దూరంలో ఉండగానే మీ కంట పడాలి. దాని రెక్కల వెడల్పు 10 మీటర్లు. 3.4 కిలోమీటర్ల అవతల అది పున్నమి చంద్రుడి వెడల్పులో మూడో వంతు ఉంటుంది. అదీ రెక్కల మాట. ఎదురునుంచి చూస్తే రెక్క పలచటి గీత, పైగా ఆకాశంలో కలిసిపోవాలనే పూసిన బూడిదరంగు. ఆ సమయానికి మీరు తల వంచి ఐప్యాడ్‌లో ఇంకా ఎంత దూరముందో చూసుకుంటూ ఉంటే సగం సెకన్లు అక్కడే చెల్లు.

చూశారా, లెక్క వేస్తే ఎంత దిగులో!

4. కదిలే చుక్కకు భయపడండి, కదలనిదాన్ని వదిలేయండి

అద్దంలో ఒక చుక్క ఎడమ నుంచి కుడికి జరిగిపోతుంటే గుండె పట్టుకోండి. ఉన్నచోటే కదలకుండా ఉంటే పురుగు మరక అనుకుని తుడవండి. నిజానికి పక్కకు జరిగే విమానం మీ ముందునుంచో వెనకనుంచో పోతుంది. ఢీకొట్టబోయేది అద్దంలో ఉన్నచోటే ఉండి లావెక్కుతుంది. అయితే చాలాసేపు చుక్కలాగే ఉండి, లావెక్కడమంతా చివరి కొద్ది సెకన్లలో కానిస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ ఈ మాట మొదటి నెలలోనే చెబుతాడు. మొదటి నెలలో చెప్పింది ఎవరికి గుర్తుంటుంది!

5. ఒకటి కనిపించిందా, లెక్క సరిపోయినట్టే

ఒక ఫైటర్ రివ్వున మీ ముందునుంచి పోయింది. వెంటనే ఫోను తీసి వీడియో కోసం ప్రయత్నించండి. ఫైటర్లు ఒంటరిగా తిరగడం అరుదు, జతగానో నాలుగుగానో వస్తాయి, రెండోది మైలో రెండు మైళ్లో ఎడంగా ఉండొచ్చు అనే చాదస్తం వద్దు. మొదటిదాన్ని చూసి మురుస్తూ మీరు తల తిప్పిన వైపుకు సరిగ్గా అవతలి వైపు నుంచి రెండోది రావచ్చునంటారు. రానివ్వండి, వాడే చూసుకుంటాడు.

"ఐప్యాడ్‌లో ట్రాఫిక్ అంతా కనిపిస్తుంది కదా అంకుల్" అంటారా? భేష్. దగ్గరదగ్గరగా ఎగిరే జట్టులో సాధారణంగా రాడార్‌కు విమానం ఉనికి చెప్పే ట్రాన్స్‌పాండర్ నాయకుడిదొక్కటే పలుకుతుంది. తెర మీద ఒక్క బొమ్మ, ఆకాశంలో నాలుగు విమానాలు. 1 జనవరి 2020 నుంచి అమెరికాలో చాలా ఆకాశానికి, విమానం తన స్థానాన్ని తానే చాటే ఏడీఎస్-బీ తప్పనిసరి చేశారు గానీ, రహస్యం అవసరమైన పనుల్లో సైనిక విమానాలు దాన్ని ఆపుకోవచ్చు. అయినా తెర ఖాళీగా ఉంటే ఆకాశమూ ఖాళీయే అనుకోవడంలో ఉన్న సుఖం మరెందులోనూ లేదు.

6. రేడియోలో నోరు విప్పకండి

మీరు కంట్రోలర్‌ను పిలిచి ఫ్లైట్ ఫాలోయింగ్ అడిగితే, తీరిక ఉన్నంతవరకు అతను మిమ్మల్ని రాడార్‌లో చూస్తూ ఫలానా దిక్కులో ఫలానా దూరంలో విమానముందని చెబుతుంటాడు. పైసా ఖర్చు లేదు. ఫైటర్లు ఎక్కువగా యూహెచ్ఎఫ్‌లో మాట్లాడుకుంటాయి, మీ సెస్నా రేడియో వీహెచ్ఎఫ్ మాత్రమే వింటుంది. కాబట్టి ఇద్దరి మాటా వినగలిగేవాడు ఆ మధ్యలో కూర్చున్న కంట్రోలర్ ఒక్కడే.

అయినా అడక్కండి. అమెరికావాడు గుక్క తిప్పుకోకుండా ఏదో అంటాడు, మనకు అర్థం కాదు, మళ్లీ చెప్పమంటే ఫ్రీక్వెన్సీ మీద ఉన్నవాళ్లందరి ముందూ పరువు పోతుంది. ప్రాణం కంటే పరువు ముఖ్యమని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు కదా. అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 కూడా పెట్టుకోకండి. దానిమీద కొందరు అమెరికన్ పైలట్లు పిల్లికూతలు కూస్తుంటారు, ఇది నిజం. మిమ్మల్ని పేరుపెట్టి పిలవాల్సి వస్తే ఫైటర్ పైలట్ పిలిచేది కూడా అక్కడేనన్నది చిన్న విషయం.

7. ఈ నివేదిక చదవకండి

7 జులై 2015, దక్షిణ కరొలైనాలోని మాంక్స్ కార్నర్. ఒక సెస్నా 150 అక్కడి చిన్న విమానాశ్రయం నుంచి లేచింది, అందులో ఇద్దరున్నారు. షా వైమానిక స్థావరం నుంచి వచ్చిన ఎఫ్-16 ఒకటి చార్ల్స్‌టన్‌లో ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లు సాధన చేస్తోంది. సెస్నా పైలట్ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఆకాశంలో మాట్లాడాలన్న నియమం లేదు. ట్రాన్స్‌పాండర్ పనిచేస్తోంది, కంట్రోలర్ తెర మీద చుక్క కనిపిస్తోంది. ఎదురుగా రెండు మైళ్లలో విమానముందని ఆమె ఎఫ్-16 పైలట్‌కు చెప్పింది. అతనికి కనిపించలేదు. కనిపించకపోతే ఎడమకు, దక్షిణ దిక్కుకు తిరగమంది. రెండు మైళ్లేనా అని అతను అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది, ఈసారి వెంటనే తిరగమని. అతను తిరగడం మొదలుపెట్టాడు. ఆ మలుపులోనే రెండూ సుమారు 1,500 అడుగుల ఎత్తున ఢీకొన్నాయి. ఎఫ్-16 పైలట్ ఎజెక్ట్ అయి బతికాడు. సెస్నాలోని ఇద్దరూ పోయారు.

కంట్రోలర్ ఇచ్చిన పరిష్కారం సరిపోలేదని, కంటితో చూసి తప్పించుకునే పద్ధతికి ఉన్న పరిమితులు కూడా ఇందులో పాలుపంచుకున్నాయని ప్రమాద విచారణ బోర్డు తేల్చింది. సెస్నా నియమం తప్పలేదు. ఎఫ్-16 పైలట్ వెతుకుతూనే ఉన్నాడు. అతని రాడార్ యుద్ధం కోసం చేసింది, మెల్లగా పోయే చిన్న సెస్నాను పట్టడానికి కాదు. ఇది చదివితే మన మూలసూత్రం మీద నమ్మకం సడలే ప్రమాదముంది. పేజీ తిప్పేయండి.

8. అర్థం కాకపోయినా "రోజర్" అనండి

చిన్న విమానాశ్రయంలో మీరు వెయ్యి అడుగుల మీద నలుచదరంగా చుట్టు తిరుగుతుంటారు. మిలిటరీ ట్రైనర్ ఒకటి వచ్చి "త్రీ మైల్ ఇనిషియల్, ఓవర్‌హెడ్ బ్రేక్" అంటుంది. అంటే రన్‌వే మీదుగా మీ చుట్టు కంటే ఎత్తులో వేగంగా వచ్చి, రన్‌వే మీదే ఒక్కసారి పక్కకు ఒరిగి, గిర్రున తిరిగి మీరున్న వైపుకే దిగుతుందన్నమాట. నాకు కనిపించడం లేదు, ఎక్కడున్నావు అని అడిగితే వాళ్లు చక్కగా చెబుతారు. కానీ "రోజర్" అంటే ఎంత హుందాగా ఉంటుంది!

9. పక్కకొచ్చి రెక్కలూపితే టాటా చెప్పండి

అధ్యక్షుడు ఏ ఊరికైనా వెళ్తే ఆ చుట్టూ సుమారు 30 నాటికల్ మైళ్ల ఆకాశం తాత్కాలికంగా మూసేస్తారు. నోటమ్ చదవని అలవాటు కాబట్టి మీరు అందులోకి వెళ్తారు. ఫైటర్ మీకు ఎడమవైపు, కాస్త ముందుగా వచ్చి రెక్కలు ఊపుతుంది. జవాబుగా మీరూ రెక్కలూపి, దాని వెనకే వెళ్లి, 121.5లో పలకాలని నియమం. వాడు పలకరిస్తున్నాడనుకుని చేయూపడం మన సంస్కారం. ఆ తరవాత లైసెన్సు ఊడినా, మర్యాద తప్పలేదన్న తృప్తి మిగులుతుంది.

10. ఇండియా వచ్చాక ఊపిరి తీసుకోండి

మన దగ్గర పంచుకోవడాలు తక్కువ, పంపకాలు ఎక్కువ. ఊరు దాటి ఎగరాలంటే ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు చేతికి రావాలి. హైదరాబాద్‌నే చూడండి: బేగంపేటలో ట్రైనింగ్ విమానం, దానికి ఉత్తరాన హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు, దక్షిణాన శంషాబాద్. విశాఖలో రన్‌వేనే నేవీది. దేశంలో 60 శాతం ఆకాశమే పౌర విమానాలకు స్వేచ్ఛగా దొరుకుతోందని, ఆంక్షలు సడలిస్తే ఏడాదికి సుమారు 1,000 కోట్ల రూపాయలు మిగులుతాయని 2020 మేలో కేంద్ర ఆర్థికమంత్రే చెప్పారు.

గోడ కట్టేస్తే గొడవే ఉండదని మురిసిపోండి. 12 నవంబరు 1996న చర్ఖీ దాద్రీ మీద సౌదీ బోయింగ్, కజక్ ఇల్యూషిన్ ఢీకొని 349 మంది పోయారని ఎవరైనా గుర్తుచేస్తే మాట మార్చండి. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగిందన్నది నిజమే. ఢిల్లీ చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వైమానిక దళానిది కాబట్టి వచ్చేవీ పోయేవీ ఒకే దారిలో ఎదురెదురుగా నడిచేవన్నదీ అంతే నిజం. గోడకు ఇవతల మిగిలిన సందు ఎంత ఇరుకో ఆ రోజు తెలిసింది. ఆ తరవాతే రాకకూ పోకకూ వేర్వేరు దారులు వేశారు.

11. ఎవరైనా పిలిస్తే వెళ్లకండి

అమెరికాలో చాలా వైమానిక స్థావరాలు, ఢీకొనే ప్రమాదాలు తప్పించడానికి ఒక కార్యక్రమం నడుపుతాయి. ఏ దారిలో, ఏ ఎత్తున, ఏ వేగంతో తమ విమానాలు తిరుగుతాయో మ్యాపులతో కరపత్రాలు వేస్తాయి. వాళ్ల సేఫ్టీ ఆఫీసర్లు ఫ్లయింగ్ స్కూళ్లకు వచ్చి మాట్లాడతారు. కొన్ని స్థావరాలైతే పౌర పైలట్లను తమ దగ్గరికే పిలుస్తాయి.

మీ స్కూలు నోటీసు బోర్డు మీద అలాంటి కాగితం కనిపిస్తే తల తిప్పుకుని వెళ్లిపోండి. వెళ్లారంటే ఆ ఫైటర్ పైలట్ కూడా మీ వయసు కుర్రాడేనని, వాడికీ గంటలు పూర్తిచేసుకోవాల్సిన తొందర ఉందని, కాక్‌పిట్‌లో వాడి తల కూడా ఎక్కువసేపు లోపలి తెరల మీదే ఉంటుందని తెలుస్తుంది. మీ సెస్నా తన కంట పడదేమోనని వాడికీ బెంగే. "మీరు రేడియోలో పలికితే బాగుండును, మోవాలోకి వచ్చేముందు ఒక ఫోన్ కొడితే బాగుండును" అని వాడే బతిమాలతాడు. ఇన్నాళ్లూ మీరు వాడే చూసుకుంటాడని ధీమాగా ఉంటే, మీరే చూసుకుంటారని వాడు నమ్ముకుని ఉన్నాడని అప్పుడు బయటపడుతుంది. ఇక ఆ మర్నాటినుంచి నోటమ్‌లు చదవాలి, కంట్రోలర్‌ను పిలవాలి, తలెత్తి బయటికి చూస్తూ ఎగరాలి. ఈ సలహాలన్నీ దండగైపోతాయి.