టికెట్ మూసేశాం, చెట్టు దిగండి

శ్రీరామనవమికి మా తమ్ముడి కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. భద్రాచలంలో కల్యాణం చూసుకుని, నాలుగు రోజులు మా ఊళ్లో ఉండిపోతానన్నాడు. దుమ్ముగూడెం దాటాక చర్ల రోడ్డు దిగి అడవిలోకి మళ్లితే మా ఊరు. వాడు గచ్చిబౌలిలో కూర్చుని ఒక పెద్ద టెలికాం కంపెనీని ఆధునికం చేస్తున్నాడు. మూడేళ్లుగా చేస్తూనే ఉన్నాడు కదా, ఎంతవరకు వచ్చిందిరా అని అడిగాను.

"ముక్కలు చేస్తున్నాం పెదనాన్నా" అన్నాడు.

బిల్లింగు, ఆర్డర్లు, ఫిర్యాదులు, కస్టమర్ల వివరాలు అన్నీ కలిసి పాతకాలంలో ఒకే ముద్దగా ఉండేవట. ఆ ముద్దను కోసి విడివిడి ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య ఏపీఐ అనే కిటికీ పెడతారట. అందరి కిటికీలూ ఒకే కొలతకు ఉంటాయి కాబట్టి, రేపు ఏ ముక్క పాడైనా అది తీసి ఇంకో కంపెనీ ముక్క బిగించుకోవచ్చు.

ముక్కలు చేయడం గురించి మాకా చెప్పేది? 2014లో ఖమ్మం జిల్లాలోంచి పోలవరం ముంపు మండలాలు కోసి ఆంధ్రలో బిగించారు. 2016లో మిగిలినదాన్ని మళ్లీ కోసి కొత్తగూడెం జిల్లా చేశారు. భద్రాచలం పట్టణం తెలంగాణ, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్ర. మా ఇంటికి రావాలంటే ఒక రాష్ట్రంలో బస్సెక్కి, ఇంకో రాష్ట్రంలో దూరి, మళ్లీ మొదటి రాష్ట్రంలో తేలాలి. ఇంతకంటే మాడ్యులర్ బతుకు ఎవడిదీ కాదు. చిత్రమేమిటంటే, టెలికాం లైసెన్సుల లెక్కలో రెండు రాష్ట్రాలూ కలిపి ఇప్పటికీ ఒకటే సర్కిల్, దాని పేరు ఆంధ్రప్రదేశే. పగలకుండా మిగిలింది అదొక్కటే అనుకుంటుంటే, లోపల కూర్చుని మావాడు దాన్నీ కోస్తున్నాడు.

వాడి మాటలో నిజం లేకపోలేదు. ఒక్కో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక్కో భాషలో రాసిపెట్టి పోతే, రెండింటినీ అతికించడానికి మూడో కంపెనీకి డబ్బులు పోయాలి. రీఛార్జి ప్లాన్‌లో పది రూపాయలు మార్చాలన్నా నెలలు పట్టేది. అందుకే టీఎం ఫోరం అనే అంతర్జాతీయ సంఘం కిటికీలన్నిటికీ కొలతలు రాసి, నంబర్లు కూడా ఇచ్చింది: సరుకుల జాబితాకు 620, ఫిర్యాదుకు 621, ఆర్డరుకు 622. 2023 ఫిబ్రవరిలో మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ వాళ్లు ఓపెన్ గేట్‌వే అని ఇంకో ద్వారం తెరిస్తే 21 కంపెనీలు చేతులు కలిపాయి, మన ఎయిర్‌టెల్ సహా. ఓటీపీ లేకుండానే నీ నంబరు నీదేనా, నీ సిమ్ము ఈమధ్య మారిందా అని బ్యాంకువాడు నేరుగా టెలికాం కంపెనీని అడిగి తెలుసుకోవచ్చు. బ్యాంకుకు తెరిచారు, యాప్‌ల వాళ్లకు తెరిచారు. కస్టమర్‌కు ఏది తెరిచారురా అంటే, "ఫీడ్‌బ్యాక్ లింకు" అన్నాడు.

ఆ లింకుతో నాకు పరిచయముంది.

పోయిన వానాకాలం మా టవరు చచ్చింది. కంపెనీ పేరు చెప్పను, మీ కంపెనీ పేరు పెట్టుకుని చదువుకున్నా కథ మారదు. ఫోన్ పనిచేయడం లేదని ఫోన్ చేసి చెప్పాలట. భద్రాచలం పోయి చెప్పొచ్చాను. పదకొండు రోజుల తర్వాత మందులకని మళ్లీ పోతే, ఊరి మొగలో జేబులో ఫోన్ నాలుగుసార్లు వణికింది. మీ ఫిర్యాదు అందింది. మిమ్మల్ని సంప్రదించాలని చూశాం, మీరు అందుబాటులో లేరు. మీ సమస్య పరిష్కరించాం. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు? నాలుగూ ఒక్క నిమిషంలో వచ్చాయి. నక్షత్రాలిద్దామని నొక్కితే లింకు గడువు తీరిపోయింది.

ఇదంతా చెబితే మావాడి మొహం వెలిగిపోయింది. "అదే 621 పెదనాన్నా! అందింది, పెండింగ్, నడుస్తోంది, పరిష్కారమైంది, మూసేశాం. నీ టికెట్ అన్ని మెట్లూ సరిగ్గా దిగింది. ఎక్కడా ఎర్రర్ లేదు."

ఎర్రరంతా అడవిలో ఉంది. రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ ఫైబర్ తెంపేసింది. కేబుల్ ఎవరిదని అడిగితే కాంట్రాక్టర్‌ది, టవర్ ఇంకో కంపెనీది, దాని బ్యాటరీలు వేరొకరివి, కాల్ ఎత్తిన పిల్ల ఏ ఊరిదో. ఎవరి ముక్క వారు చూసుకుని మా ముక్క బాగానే ఉందన్నారు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్న సామెతలో ఎక్కినవాడు ఒక్కడైనా దొరికాడు. ఇక్కడ ఎక్కినవాడు ఒకడు, గడ్డి ఇంకొకడిది, దూడ అవుట్‌సోర్సింగు.

ఆ ముద్ద కాలం నేను చూశాను. ఫోన్ చెడితే 198కి చెప్పేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్ వాళ్లు ఇంట్లోనే రాసుకున్న సాఫ్ట్‌వేర్ డాట్‌సాఫ్ట్‌లో బిల్లూ ఫిర్యాదూ ఒకే గూట్లో ఉండేవి. మర్నాడో ఎల్లుండో లైన్‌మన్ సైకిల్ మీద వచ్చేవాడు. భుజాన టెస్టింగ్ ఫోను, హ్యాండిల్‌కు తీగచుట్ట. ఫిర్యాదు తెలిసినవాడూ వాడే, స్తంభమెక్కేవాడూ వాడే, తీగ ముడేసి అక్కడి నుంచే "హలో, వినబడుతోందా సారూ" అనేవాడూ వాడే. మజ్జిగ తాగి, బిల్లు ఎక్కువొచ్చిందంటే ఎవరిని కలవాలో కూడా చెప్పి పోయేవాడు. అన్ని ఏపీఐలూ ఒకే ఖాకీ చొక్కాలో. బీఎస్ఎన్ఎల్‌లో 2020 జనవరి 31 ఒక్కరోజే 78,569 మంది స్వచ్ఛంద విరమణ తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లలో ఏ చెట్టుకింద ఏ జాయింటుందో తెలిసినవాళ్లు ఎందరో. ఆ కిటికీకి ఏ ఫోరమూ నంబరివ్వలేదు.

సిగ్నల్ అందని 24,680 ఊళ్లకు 4జీ ఇస్తామని 2022 జులైలో కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసింది. అందులో ఇనుముంది, సిమెంటుంది, సోలార్ పలకలున్నాయి. ముందు స్తంభం, ఆ తర్వాతే కిటికీ అని ఢిల్లీలో ఎవరికో తట్టింది. గచ్చిబౌలికి ఇంకా తట్టలేదు.

మూడో రోజు పొద్దున మావాడికి మీటింగు. ఇంట్లో సిగ్నల్ ఉండదు, చెరువు గట్టు మీద ఇప్పచెట్టు కింద ఒక పాయింటే వస్తుంది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఫోన్‌ను సంచీలో వేసి కొమ్మకు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తొడుక్కుని ఇంగ్లీషులో ఓపెన్ ఆర్కిటెక్చర్ గురించి చెబుతున్నాడు. అంతలో రేషన్ డీలరు వేలిముద్రల మిషను పట్టుకుని గట్టెక్కాడు. వెనకాల బియ్యం సంచులతో ముప్పైమంది, ముందు ఇద్దరు ముసలమ్మలు.

"సారూ, మీ పిల్లగాడిని జర ఫోన్ కట్టెయ్యమనుర్రి. ఈడ సిగ్నల్ ఒక్కరికే సరిపోద్ది. ఈ అవ్వ వేలు పొద్దున్నుంచి మూడుసార్లు పడలే."

మావాడు మ్యూట్ నొక్కి, కొమ్మ మీది ఫోన్ దింపాడు. అవ్వ బొటనవేలు కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చింది.