ముందు నంబరు దేనికి దండగ!

తమ్ముడూ, కొత్త బండి కొన్నావు, సంతోషం. షోరూమ్ వాడు కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తాళాలు చేతిలో పెట్టి పంపించాడు. కొద్ది రోజులకు వాడే ఫోన్ చేస్తాడు: "సార్, ప్లేట్లు వచ్చాయి, వచ్చి బిగించుకుపోండి." అక్కడే జాగ్రత్తగా ఉండాలి. వెనక ప్లేటు బిగించుకో, కాదనను. ముందుది మాత్రం ఇంటికి తీసుకెళ్లి అటక మీద పడెయ్. ఎవరైనా అడిగితే "లుక్ పోతోందన్నా" అను. హైదరాబాద్‌లో ఇంతకు మించిన వాదన హైకోర్టు లాయరుకు కూడా తట్టదు.

ముందు అవతలివాడి బలమెంతో తెలుసుకోవాలి కదా. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలని ఒక పుస్తకం ఉంది. అందులో 50వ నియమం, నంబరు బండికి ముందూ వెనకా కనబడాలంటుంది. 51వది అక్షరాల ఎత్తు చెబుతుంది: మోటార్ సైకిలుకు వెనక 35 మిల్లీమీటర్లు, ముందు 30, కారుకు 65. డెబ్భై సీసీ లోపు బుల్లి బండికి ముందు 15 ఉంటే చాలునట, అంత ఉదారం. ఢిల్లీలో స్కేలు పట్టుకుని కూర్చున్నవాళ్లకు మన బస్తీలో రేడియం షాపు ఉంటుందని తెలియదు పాపం. ఆ షాపు కుర్రాడి దగ్గరకు వెళ్లు. "నాన్న దీవెనలతో" అని హెడ్‌లైటు కింద అరచేతంత అక్షరాల్లో వేస్తాడు, ఒక పక్క పులి, ఇంకో పక్క అభిమాన హీరో. మిగిలిన చోట్లో నంబరు పడుతుంది. పట్టకపోతే నాన్నను తగ్గించలేం కదా.

భాషాభిమానం ఉన్నవాళ్లకు ఇంకో దారి. నంబరు తెలుగు అంకెల్లో వేయించు. ఇంగ్లిషు అక్షరాలు, మామూలు అంకెలే ఉండాలని నియమం అంటుంది గానీ, మాతృభాష కన్నా నియమం గొప్పదా? పోలీసు చదవలేడు. కెమెరా చదవలేదు. ఆ మాటకొస్తే ఏడేదో ఆరేదో నువ్వూ చెప్పలేవు. పార్కింగ్‌లో టోకెన్ రాసేవాడు నంబరు అడిగినప్పుడు ఆర్సీ తీసి చూసుకో.

రాష్ట్రాభిమానం సంగతి ఇంకా రసవత్తరం. ఉద్యమం రోజుల్లో జనం బండ్ల మీద ఏపీ గీకేసి టీజీ రాసుకున్నారు, గుర్తుందా? 2014లో రాష్ట్రం వచ్చాక సర్కారు ఇచ్చిన కోడ్ టీఎస్. పదేళ్లు తిరక్కముందే, 2024 మార్చిలో, అది టీజీ అయింది. మారిన కోడ్ కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకే, పాత బండికి ఆర్సీలో ఏదుంటే అదే అని ఆఫీసువాళ్లు చెబుతూనే ఉన్నారు. నువ్వు వినకు. ఏపీ మీద టీఎస్ అంటించు, దాని మీద టీజీ అంటించు. ముందు ప్లేటు మీద ఒక ప్రభుత్వం, వెనక ప్లేటు మీద ఇంకో ప్రభుత్వం ఉన్నా ఇబ్బందేం లేదు. ఆపినప్పుడు ఆర్సీలో ఒకటి, రేకు మీద ఒకటి ఎందుకుందని ఎస్సై అడిగితే కళ్లలో నీళ్లు తిప్పుకుని ఉద్యమం గురించి చెప్పు. ఆయనా అందులో పాల్గొనే ఉంటాడు. చలానా రాస్తూ వింటాడు.

ఇక సంప్రదాయ పద్ధతులు. శనివారం నాడు నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దండ ఒకటి కొని హెడ్‌లైటుకు కట్టు. దిష్టి దండ మీద చెయ్యి వేయడానికి కానిస్టేబులు కూడా సందేహిస్తాడు, ఆయనకూ పిల్లలున్నారు. దండ పొడవు మాత్రం సరిచూసుకో. చివరి రెండంకెలను మూయాలంటే నిమ్మకాయ కిందికి, మిరపకాయలు అడ్డంగా రావాలి. మంగళవారానికల్లా మిరపకాయలు ఎండి, ముడుచుకుని, నీ నంబరు మళ్లీ లోకానికి కనిపించడం మొదలవుతుంది. కాబట్టి వారానికి రెండు దండలు లెక్కేసుకో. కరోనా రోజుల్లో కొందరు మహానుభావులు మాస్కును మొహానికి బదులు ప్లేటుకు తొడిగారు. జబ్బు పోయింది గానీ ఆ విద్య పోలేదు. వెనక కూర్చున్నవాళ్ల చున్నీ ప్లేటు మీద పడేలా వదలడం ఇంకో పద్ధతి. అది చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో ఆసుపత్రుల్లో ఎముకల డాక్టర్లకు తెలుసు. వాళ్లు నంబరు అడగరు.

ఈమధ్య వచ్చిన హై సెక్యూరిటీ ప్లేటు మన కళకు పెద్ద దెబ్బే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండి ఏది కొన్నా అదే ఇస్తున్నారు. అల్యూమినియం రేకు, అశోక చక్రం హోలోగ్రాం, నీలి రంగులో దేశం గుర్తు, లేజరుతో చెక్కిన వరస సంఖ్య. ఒకసారి బిగిస్తే విప్పడానికి రాని తాళాలు. అయినా అధైర్యపడకు. మెకానిక్ దగ్గర డ్రిల్లింగ్ మిషను ఉంటుంది. తాళాలు పగలగొట్టించు, పనిలో పనిగా మడ్‌గార్డ్ కూడా పగులుతుంది, కొత్తది వేయించుకో. తరవాత ఎప్పుడైనా బుద్ధి మారితే పోలీసు కాగితాలూ ఆర్సీ పట్టుకుని, డబ్బు కట్టి, మళ్లీ ప్లేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీరిక ఎంతుందో అంత పని.

కారున్నవాళ్లు ఇంకొంచెం కష్టపడాలి. ముందు బంపరు నుంచి ప్లేటు పీకేసి గర్వంగా నిలబడతావు. తీరా చూస్తే అద్దం మీద, లోపలి వైపున, మూడో ప్లేటని ఒక స్టిక్కరు ఉంటుంది. అందులో నీ నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. దాని దగ్గర్లోనే ఫాస్టాగ్. జాతీయ రహదారుల మీద 2021 ఫిబ్రవరిలో అది లేకపోతే టోలు రెట్టింపు అన్నారు, కనక నువ్వే ముచ్చటపడి అంటించుకున్నావు. అంటే ముందు ప్లేటు లేకుండా విజయవాడ బయలుదేరిన నువ్వు ప్రతి టోల్‌గేటు దగ్గరా ఆగి, నీ నంబరు నువ్వే చెప్పి, పైగా డబ్బిచ్చి వెళుతున్నావన్నమాట. పర్వాలేదు. బంపరు మాత్రం నున్నగా ఉంది.

అంకె మార్చే విద్య గురించి చాలామంది రహస్యంగా అడుగుతుంటారు. మూడును ఎనిమిది చేయడం, ఒకటిని ఏడు చేయడం. ఇదొక రకం దానధర్మం. నువ్వు మార్చిన నంబరు గాల్లోంచి ఊడిపడదు, ఎక్కడో ఒకరికి రాసిచ్చిందే. నువ్వు అమీర్‌పేటలో రాంగ్ రూట్‌లో దూరితే సూర్యాపేటలో ఎరువుల కొట్టు నడుపుకునే పెద్దాయన ఫోనుకు చలానా పోతుంది. ఆయన హైదరాబాద్ వచ్చి ఏళ్లయింది. ఫోటోలో బండి రంగు కూడా కలవదు. పని మానుకుని కొడుకును వెంటబెట్టుకుని అర్జీ పెట్టుకుంటాడు. ఆయన పేరు నీకు తెలియదు, నీ పేరు ఆయనకు తెలియదు. గుప్తదానానికి పుణ్యమెక్కువ. అయితే ఈ పుణ్యానికి మోటారు వాహనాల చట్టం సరిపోదు. పాత 420ని ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 నాలుగో ఉపసెక్షన్ అంటున్నారు, ఏడేళ్ల దాకా జైలు. నంబరు మార్చి తిరిగేవాళ్ల మీద చీటింగ్ కేసు పెట్టడం హైదరాబాద్ పోలీసులకు కొత్తేమీ కాదు.

జరిమానాలంటే భయపడేవాళ్ల కోసం లెక్క చెబుతాను. మోటారు వాహనాల చట్టంలో 177వ సెక్షన్ కింద మొదటిసారికి 500 రూపాయల దాకా, మళ్లీ దొరికితే 1,500 దాకా. అసలు రిజిస్ట్రేషనే లేకుండా తిరిగితే 192వది, 2,000కు తగ్గకుండా 5,000 దాకా. రెండోసారయితే 10,000 దాకా జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. హెల్మెట్ లేని ఫోటోకు పడే చలానా వీటి ముందు ఎంత? చిన్నది. ఆ చిన్నదాన్ని తప్పించుకోవడానికి ఈ పెద్దదాన్ని నెత్తికెత్తుకోవడమే మన మార్గం. పైగా తెలంగాణలో చలానాలకు ఆషాఢం సేల్ లాంటిది కూడా వస్తుంది. 2022 మార్చిలో టూ వీలర్లు బకాయిలో పాతిక శాతం కడితే మాఫీ అన్నారు, 2023 డిసెంబరు చివర ఇరవై శాతానికే తెగ్గొట్టారు. నంబరు కనబడేలా తిరిగి, వెయ్యి రూపాయల చలానాలు పోగేసుకున్నవాడు 200 కట్టి చేతులు దులుపుకున్నాడు. నిమ్మకాయలకే అంతకన్నా ఎక్కువ ఖర్చు పెట్టిన మనవాళ్లకు ఆ సదుపాయం అందలేదు. ప్రభుత్వం ఈ వివక్ష గురించి ఆలోచించాలి.

అయినా ఆపారనుకో, విదేశాల సంగతెత్తు. "సార్, అట్లాంటాలో మా బావమరిది ఉన్నాడు, అక్కడ ముందు ప్లేటే ఉండదు" అను. అబద్ధం కాదు. జార్జియా, ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో వెనక ఒక్కటే. ఒహాయో కూడా 2020 జులైలో ముందుది ఎత్తేసింది. అదే బావమరిది ఉద్యోగం మారి డాలస్ పక్కన ఫ్రిస్కోకు వెళ్లాడన్న సంగతి మాత్రం చెప్పకు. టెక్సాస్‌లో రెండూ ఉండాలి, ముందుది లేకపోతే 200 డాలర్ల దాకా వడ్డిస్తారు. కొత్త టెస్లా బంపరుకు చిల్లులు పెట్టడానికి చేతులు రాక ఆయన ప్లేటును డాష్‌బోర్డు మీద పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎస్సై చదువుకున్నవాడయితే బ్రిటన్ సంగతి ఎత్తు. మోటార్ సైకిళ్లకు ముందు ప్లేటు అక్కర్లేదని 1975లో తేల్చేశారు. మడ్‌గార్డ్ మీద నిలువుగా నిలబడే ఆ పాతకాలం రేకు, ఢీకొంటే మనిషిని కోసేస్తుందన్న భయం ఉండేది. మన నియమం రేకును హ్యాండిలుకు సమాంతరంగా, ముందుకు చూసేలా పెట్టమంది కాబట్టి ఆ వాదన ఇక్కడ నిలవదు. కానీ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర అంతసేపు మాట్లాడితే వెనకున్న వాహనాల హారన్లకే నిన్ను వదిలేయవచ్చు.

నంబరంటే ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాయలో పడకు. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసు వేలంలో 2024 మేలో నాలుగు తొమ్మిదులు 25 లక్షలకు పైనే పలికాయి. ఆ డబ్బుకు ఇంకో రెండు కార్లొస్తాయి. వాళ్ల నంబరు ఊరంతా చూడాలి, మన నంబరు ఎవరూ చూడకూడదు. ఎవరి సరదా వాళ్లది.

ఒక్క సందర్భంలో మాత్రం నీ కష్టం పూర్తిగా ఫలిస్తుంది. తెల్లారుజామున బైపాస్ మీద ఎవరికో తగిలించి, ఆగకుండా వెళ్లిపోయావనుకో. మర్నాడు పేపరు జిల్లా పేజీలో "గుర్తు తెలియని వాహనం ఢీకొని" అని నాలుగు లైన్లు పడతాయి. ఆ గుర్తు తెలియని వాహనం నీదే, పేరు మోసినట్టే లెక్క. బండి ఫలానాదని తెలిస్తే ఆ ఇంటివాళ్లు ట్రిబ్యునల్‌కు వెళ్లి, పోయిన మనిషి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడ్డవాళ్ల సంఖ్య లెక్కగట్టించి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి పరిహారం రాబట్టుకుంటారు. తెలియకపోతే 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద చనిపోయినవాళ్లకు 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. మనిషి పాతికేళ్లవాడైనా, ముగ్గురు పిల్లల తండ్రైనా అంతే. నీ లుక్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంత శ్రద్ధగా నంబరు దాచుకున్న బండి ఒకరోజు కోఠిలో ఇడ్లీ బండి ముందు నుంచి మాయమవుతుంది. కంగారుపడకు, దొంగ కూడా నీ శిష్యుడే. అతను ప్లేటు మార్చాల్సిన పని కూడా నువ్వే తప్పించావు. స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాయి. సీసీ కెమెరా ఫుటేజీ పెట్టి, "ఇందులో మీదేదో చూపించండి" అంటారు. నల్ల బండి, హెల్మెట్ లేని కుర్రాడు, ముందు ఖాళీ. దాని వెనకే ఇంకో నల్ల బండి, అదీ ఖాళీ. తొందరపడి వేలు పెట్టకు, టీ తెప్పించుకో. మధ్యాహ్నం దాకా ఫుటేజీ ఉందట.