మల్లరంగాధిపతికి ఒక విన్నపము

మహారాజశ్రీ పాల్ లెవెక్ గారి సముఖమునకు: రింగులో ట్రిపుల్ హెచ్ అను నామముతో లోకప్రసిద్ధులై, 2022లో మామగారైన విన్స్ మెక్‌మాన్ గారు తప్పుకొనిన పిమ్మట డబ్ల్యూడబ్ల్యూఇ సంస్థలో ఎవరు గెలువవలెనో, ఎవరు ఓడవలెనో నిర్ణయించు విధాతృపదవి నలంకరించిన తమకు, మీ ప్రదర్శనలను చిరకాలముగా చూచుచున్న ఒక తెలుగు ప్రేక్షకుడు వ్రాసికొనిన విన్నపము.

మీ కుస్తీ బూటకమని నిందించుటకు నేనీ లేఖ వ్రాయుట లేదు. ఆ రహస్యమును మీ సంస్థవారే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల యెదుట విప్పి చెప్పి, మాది పోటీ కాదు, కేవలము వినోదమని ఒప్పుకొని, క్రీడాధికారుల తనిఖీలనుండియు పన్నునుండియు విముక్తి కోరిరి. సత్యము పలికి లాభపడినవారు వ్యాపారచరిత్రలో మిక్కిలి అరుదు గనుక ఆ ఘనత మీకు దక్కవలసినదే. మా వీధినాటకములలో దుర్యోధనుని తొడలు విరుగునని పసిబిడ్డలకు సైతము తెలియును. తెలిసియు, భీమవేషధారి గద యెత్తు క్షణము కొరకు జనము తెల్లవారువరకు చాపలమీద కూర్చుండుట మాకు వింత కాదు. కావున ముగింపు ముందుగనే నిర్ణీతమగుట దోషమని నే ననను. ఆ ముగింపును చేరుకొను దారిలో మా కేకలకును మా మౌనమునకును విలువ కలదా యనునదే నా సందేహము.

పూర్వము ఆ విలువ టికెట్ల పెట్టెలో తెలియవచ్చెడిది. ఒక ఊరి ప్రేక్షకుడు ఆవులించినయెడల, మరల ఆ ఊరికి పోయినప్పుడు ఖాళీ కుర్చీలు ఎదురయ్యెడివి. 1995 మొదలు 2001 వరకు సోమవారపు రాత్రులందు డబ్ల్యుసిడబ్ల్యు అను ప్రత్యర్థిసంస్థ మీ కెదురు నిలిచి, 83 వారములు వరుసగా మిమ్ములను వెనుకకు నెట్టినప్పుడు గదా, ప్రాణభయముచేతనైనను, స్టోన్ కోల్డ్ వంటి పాత్రకు పూర్తి స్వేచ్ఛ నిచ్చితిరి! నేడు ఆ భయము లేదు. 2023లో యుఎఫ్‌సి అను పోరాటక్రీడా సంస్థతో కూడి టికెఓ అను మహాసంస్థగా అవతరించి, సోమవారపు ‘రా’ కార్యక్రమమును పది సంవత్సరములకు 500 కోట్ల డాలర్లకు పైబడిన మొత్తమునకు నెట్‌ఫ్లిక్సు పరముచేసి, అమెరికాలో ప్రధానోత్సవముల ప్రసారమును ఐదేండ్లకు సుమారు 160 కోట్ల డాలర్లకు ఇఎస్‌పిఎన్‌కు అప్పగించి, 2018 నుండి సౌదీ అరేబియాతో నడుచుచున్న మైత్రిని పురస్కరించుకొని మీ వార్షిక మహోత్సవమైన రెజిల్‌మేనియాను సైతము 2027లో రియాద్ నగరమునకు తరలింప నిశ్చయించితిరి. వాటాదారులకు ఇది పండుగ. అయితే పది సంవత్సరముల గ్రాసము ముందుగనే గాదెలో పడినవానికి ఈ వారపు కథ పండినదా ఎండినదా యను చింత ఏల కలుగును? 2019లో వెలసిన ఎఇడబ్ల్యు అను కుస్తీసంస్థ మీకు పోటీగా నున్నదందురా, దానికిని యజమాని యింటి ఐశ్వర్యమును టెలివిజను ఒప్పందమును అండగా నున్నవి.

జాన్ సీనా ఉదంతము చూడుడు. సుమారు ఇరువది సంవత్సరములు బాలుర పాలిటి ధర్మరాజుగా వెలిగి, ఓటమికి లొంగవలదని బోధించుచు వచ్చిన ఆ వీరుడు, 2025 తన కడపటి సంవత్సరమని ప్రకటించి, మార్చి 1న టొరంటో నగరమున, రాక్ అను మల్లనటుడు సైగ చేయగనే, కౌగిలిలో నున్న ఛాంపియను కోడీ రోడ్స్‌ను కూలద్రోసి ప్రతినాయకుడయ్యెను. ఆ క్షణమున లోకము నివ్వెరపోయినది. అంతటి ఆశ్చర్యమును కల్పించిన మీకు చేతులెత్తి మ్రొక్కితిమి. పిదప నేమైనది? ఆ కుట్రకు మూలకారకుడైన రాక్, ఏప్రిలులో లాస్ వేగాస్ రెజిల్‌మేనియాలో కంటికి కానరాలేదు; ఆయనకు మారుగా ఒక ర్యాప్ గాయకుడు రింగుకడకు వచ్చి జోక్యము చేసికొనగా, సీనా పదునేడవ పర్యాయము ఛాంపియనయ్యెను. ఆగస్టు వచ్చుసరికి, ఏల చెడెనో తెలియకమునుపే, మరల మంచివాడయ్యెను. డిసెంబరు 13న వాషింగ్టనులో గుంథర్ అను మల్లుని పట్టునకు లొంగి, చేతితో తట్టి ఓటమి నంగీకరించి నిష్క్రమించెను. వెళ్ళువాడు ఓడి వెళ్ళుట మీ వృత్తిధర్మమని నే నెరుగుదును. కాని ఆ రాత్రి జనము గుంథర్‌ను విడిచి మిమ్ములనే గేలిచేసిన సంగతిని ఆలోచింపవలెను. ప్రతినాయకునిపై చూపవలసిన కోపము రచయితపైకి మరలినప్పుడు నాటకము చెడినదని వేరుగ చెప్పనేల?

ఆ జనము తెలివితక్కువది కాదు. 2024 ఫిబ్రవరిలో కోడీకి రావలసిన రెజిల్‌మేనియా ప్రధానపోటీ స్థానమును రాక్‌కు కట్టబెట్టజూచినప్పుడు, అదే జనము గగ్గోలు పెట్టి మీ చేతనే కథను త్రిప్పి వ్రాయించినది. ఆ ఏప్రిలులో ఫిలడెల్ఫియాలో, 1,316 దినములు ఛాంపియను బెల్టును వదలని రోమన్ రెయిన్స్‌ను కోడీ ఓడించినప్పటి ఆనందము నేటికిని మాసిపోలేదు. అంతకు పది సంవత్సరములకు ముందు, డేనియల్ బ్రయాన్ అను మల్లుని కొరకు ప్రేక్షకులు పట్టుబట్టగా, తామే న్యూ ఆర్లియన్సులో అతని చేత ఓడి దారి విడిచిన మాట మరచితిరా? ఇది తమకు తెలియని విద్య కాదు.

నెట్‌ఫ్లిక్సులో ‘అన్‌రియల్’ అను కార్యక్రమము వేసి, కథలు వండు గదిని మాకు చూపించితిరి. నాటినుండి పిల్లలు సైతము పట్లను విడిచి కథనమును విమర్శించుచున్నారు. రింగు నేలమీద ప్రకటనలు వ్రాసితిరి, సరే. మల్లుడు క్రిందపడినప్పుడు బాధను చూతుమో, పానీయపు పేరును చదువుదుమో మీరే చెప్పవలెను. ఇన్ని కోట్లు గడించియు, ప్రతి రాత్రి నడుము విరుచుకొను మల్లులను ఉద్యోగులుగా గాక ‘స్వతంత్ర కాంట్రాక్టరు’లని వ్యవహరించుచుండుట మాత్రము నాకు హాస్యముగా తోచుట లేదు. 1986లో మల్లుడైన జెస్సీ వెంచురా సంఘము పెట్టుకొందమని తోటివారికి చెప్పి చూచెను. ఆ సంఘము నేటికిని ఏర్పడలేదు.

ఇక మా దేశపు మాట. 2017 మేలో, కెనడాలో జన్మించిన పంజాబీయైన జిందర్ మహల్‌ను మీ సంస్థవారు ఛాంపియనును చేయగా, అది భారత విపణిపై ప్రేమయని అందరును గ్రహించిరి. డిసెంబరులో ఢిల్లీ ప్రదర్శన. నవంబరులోనే మాంచెస్టరులో ఆ బెల్టును అతనినుండి తీసివేసిరి. ఢిల్లీకి తామే విచ్చేసి, అతనిని ఓడించి, పిమ్మట భాంగ్రా ఆడి మరలితిరి. నృత్యము బాగుగనే యుండెను. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలిలో సీనాను చూచి మావారు గొంతులు పగులునట్లు కేకలు వేసిరి. ఆ రాత్రి ఒక్క బెల్టును చేతులు మారలేదు. 2025 ఏప్రిలు నుండి మీ ప్రదర్శనలకు మేమును నెట్‌ఫ్లిక్సు చందా చెల్లించుచున్నాము.

కావున నా ప్రార్థన స్వల్పము. తాము మరల హైదరాబాదునకు వచ్చునెడల, మాకు బాణసంచా అక్కరలేదు, నృత్యమును అక్కరలేదు. ఏదేని యొక్క బెల్టు మా కన్నులయెదుట చేతులు మారునట్టియు, ఆ ఫలితము మరుసటి సోమవారమున అమెరికాలోను చెల్లునట్టియు పోటీ నొకదానిని జరిపింప వేడుచున్నాను.

ఇట్లు,
చందాదారుడైన ఒక ప్రేక్షకుడు