మా బావకు ఓడ చూపించాలి

మా బావ లెస్టర్‌లో ఉంటాడు. పుట్టి పెరిగింది హుజూరాబాద్ పక్క పల్లెలోనే. ఊరికి వచ్చినప్పుడల్లా మా అక్క తెచ్చే చాక్లెట్ల కన్నా ఈయన ఫోన్లో తెచ్చే ఫోటోలే ఎక్కువ. శనాదివారాలు అసలు ఇంటిపట్టున ఉండడట. ఓ వారం ఎనిమిది వందల ఏండ్ల నాటి చర్చి, ఓ వారం గ్రీనిచ్‌లో ఓడల మ్యూజియం, ఆ పై వారం లడ్లో అనే పాత అంగడి ఊరు. ఒక్కో ఫోటో వేలితో జరుపుతూ “ఇదీ చరిత్రంటే” అంటాడు. అన్నం చల్లారిపోతుంది గానీ చరిత్ర అయిపోదు.

ఈసారి ఇంకో మాట కూడా అన్నాడు. “మన దిక్కు ఏమున్నయి బామ్మర్దీ? గుడులు, గుట్టలు. గవన్నీ ఎరికున్నయే.”

నాకు రోషమొచ్చింది. “చర్చి చూపెడ్త, అంగడి చూపెడ్త, ఓడ గూడ చూపెడ్త. కారెక్కు బావా” అన్నాను. చర్చికీ అంగడికీ కొదవ లేదు. చిక్కల్లా ఓడతోనే, మా కరీంనగర్ నుంచి ఎటు పోయినా మూడు వందల కిలోమీటర్ల లోపు సముద్రమే లేదు. అక్క నన్ను పక్కకు పిలిచి “ఓడ ఏడికెల్లి తెస్తవురా?” అని మెల్లగా అడిగింది. “దారిల సూస్త” అన్నాను.

ముందు సులువైన పని పెట్టుకుని సిద్దిపేట మీదుగా మెదక్ తీసుకుపోయాను. మెదక్ మా జిల్లా కాదు. అయినా వెస్లియన్ మిషనరీలు తిరిగిన కాలం నుంచి మాకు దానితో చుట్టరికం ఉంది. కరీంనగర్‌కు వేరు డయాసిస్, అంటే సొంత బిషప్ ఉండే పరిధి, వచ్చింది 1978లోనే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే దొర 1914లో మెదక్ చర్చి పని మొదలుపెట్టాడు. కరువులో పనుల్లేని జనానికి పనీ తిండీ దొరికేలా పదేళ్లు కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రారంభించాడు. గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల ఐదు వేల మంది పడతారు. ఏసు పుట్టుక, సిలువ, పరలోకానికి పోవడం, మూడూ మూడు కిటికీల్లో రంగుటద్దాలతో ఉంటాయి. పొద్దు తిరిగేకొద్దీ ఆ రంగులు వచ్చి గచ్చు మీద పడుతుంటాయి.

బావ చేతులు వెనక్కి కట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ లోపలికి నడిచాడు. ఎంత పాతదైతే అంత మెల్లగా నడవాలని ఆయనకు అక్కడ అలవాటైంది. నట్టనడుమ ఆగి, తల పైకెత్తి, “గోతిక్... ప్యూర్ గోతిక్” అని గొణగడం మొదలుపెట్టాడు. వెనకాల ఓ ముసలమ్మ, ఒక చేత మనవడు, ఇంకో చేత టిఫిన్ క్యారియర్.

“నడుమల నిలవడ్డవేంది కొడుకా? మొక్కుతె మొక్కు, లేకుంటె జర జరుగు. ఎనుక మంది ఉన్నరు” అన్నది.

బావ జరిగాడు. బయట చెట్ల కింద కుటుంబాలకు కుటుంబాలు చాపలు పరిచి కోడికూర, పులిహోర వడ్డించుకుంటున్నాయి. కాసేపు వాళ్లనే చూసి, “మా దగ్గర గిసొంటి చర్చిల ఆదివారం పదిమంది కూసుంటె గొప్ప” అన్నాడు. మొదటి మార్కు నాకే పడింది.

మరుసటి ప్రయాణం ఉత్తరానికి. జగిత్యాల కోట 1747లో కట్టింది. గీసింది ఫ్రెంచి ఇంజినీర్లు. చుట్టూ అగడ్త తవ్వి, కోటను నక్షత్రం ఆకారంలో తీర్చారు. జాక్ ఒకడు, తాల్ ఒకడు, ఇద్దరి పేర్లూ కలిసి జగిత్యాల అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. బావకు ఈ కథ తెగ నచ్చింది. నక్షత్రం ఎక్కడుందని బురుజు మీదికెక్కి నాలుగు దిక్కులూ చూశాడు. రాళ్లు, గడ్డి తప్ప ఏమీ లేవు.

“కిందికెల్లి కనవడదు బావా. ఫోన్ల మ్యాప్ తెరువు” అన్నాను.

తెరిచాడు. కనబడింది. ఆ తర్వాత కోట మధ్యలో నిలబడి, పావుగంట సేపు కోటను ఫోన్లోనే చూశాడు.

కోరుట్ల, మెట్‌పల్లి దాటాక “ఇప్పుడు కోనసముద్రం పోతున్నం” అనేసరికి సీట్లో నిటారుగా కూర్చున్నాడు. పేరులో ఉన్న సముద్రం ఊళ్లో ఉండదని దిగేదాకా చెప్పలేదు. మామూలు పల్లె. అయితే ఒకప్పుడు ఇక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము కరిగించి తీసిన ఉక్కు గోల్కొండ రాజ్యం దాటి, మచిలీపట్నం రేవులో ఓడ ఎక్కి, పర్షియా చేరేది. లోకమంతా డమాస్కస్ కత్తులని పొగిడిన వాటికి ఇలాంటి ఉక్కే ప్రాణం. 19వ శతాబ్దం తొలినాళ్లలో వాయ్సీ అనే ఇంగ్లిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ ఊరికి వచ్చేసరికి, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకాయన ముందే దిగి ఉన్నాడు. పని దగ్గరే ఉండి, తూకం కూడా చూసుకునేవాడట.

“అంత దూరంకెల్లి వచ్చి ఈడ కూసున్నడా?” అన్నాడు బావ.

“నువ్వు లెస్టర్ పోలేదా?” అన్నాను.

నిర్మల్‌లోనూ ఫ్రెంచి పనితనమే ఉంది. కోట చూశాం, పొనికి చెక్కతో చేసిన పండ్లు కొన్నాం. అక్క కోసం తీసుకున్న సీతాఫలాన్ని బావ కారులో రెండుసార్లు వాసన చూశాడు. అది కొయ్య అని తెలిసీ చూశాడు.

ఆదిలాబాద్‌కు పత్తి సీజన్‌లో చేరాం. మార్కెట్ యార్డు బయట రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, తెల్లవారుజామున వచ్చి వరుసలో నిలబడ్డవాళ్లు. తెలుగు, గోండి, మరాఠీ, ఉర్దూ ఒకే చాయ్ బండి దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడ్డాయి. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి 1861 తర్వాత లాంకషైర్ మిల్లులకు పత్తి అందనప్పుడు, ఇంగ్లండ్ చేతులు చాపింది భారతదేశం వైపే. బావకు ఇదంతా వివరించాను. ఆయన పొంగిపోయి ఫోన్ తీసి, ఓ బండి మీది పత్తిని పిడికెడు పట్టుకుని ఫోటో దిగబోయాడు.

అక్కడే కొంప మునిగింది. యార్డులో తెల్ల చొక్కా తొడుక్కుని పత్తిని పిడికిట పట్టినవాడు చరిత్రకారుడు కాడు, ఖరీదుదారు. పైగా మెడలో సంచి, చేతిలో ఫోన్. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ సారే వచ్చాడని నిమిషంలో పదిమంది చుట్టూ చేరారు.

“తేమ ఎంతున్నది సారూ?” అని రైతు.

తేమ ఎనిమిది శాతం లోపు ఉంటేనే పూర్తి మద్దతు ధర. ఆ పైన ఒక్కో శాతానికీ కోత. పన్నెండు దాటితే సీసీఐ ముట్టదు. ఆ ఒక్క అంకె మీద ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. బావకు ఇదేమీ తెలియదు. పత్తిని ఇంకోసారి నలిపి, “చాలా బాగుంది” అన్నాడు.

“బాగున్నదట!” అని రైతు పక్కవాళ్లకు వినబడేటట్టు చెప్పాడు. “మరి రేటు చెప్పుండ్రి.”

కాంటా దగ్గరి దడువాయి నవ్వుకుంటున్నాడు. హమాలీ అయితే బస్తా ఎత్తడానికి తలపాగా బిగించాడు కూడా. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే మా బావ పేరున తక్‌పట్టీ, అంటే కొనుగోలు చీటీ, రాసేవాళ్లు. “సారు ఇంగ్లండ్‌కెల్లి వచ్చిండు, ఊకె చూడవోయిండు” అని నేను సర్ది చెప్పాను. “ఊకె చూసుడేంది?” అని రైతు అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

తిరుగు దారిలో బావ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “లడ్లోల వారం వారం అంగడి ఉంటది గానీ, నేను ఫోటో తీస్తుంటె ఎవ్వడూ రేటు అడగలె.”

అక్కడ పాతదానికి పని తగ్గిపోయింది కాబట్టి చూసుకోవడానికి తీరిక దొరికింది. మా దగ్గర పాతది ఇంకా డ్యూటీలో ఉంది. డ్యూటీలో ఉన్నదానికి అడ్డం నిలబడితే జరగమనే అంటారు. ఈ సంగతి ఆయనకు చెబుదామనుకున్నాను గానీ, ఆయన అంతకు ముందే అసలు విషయానికి వచ్చాడు. “ఓడేది?”

కోటిలింగాల సంగతి ఎత్తుకున్నాను. ధర్మపురి దిక్కు గోదావరి ఒడ్డున శాతవాహనుల తొలి నాణేలు దొరికిన ఊరు. ఆ వంశంలోనే రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేయించాడు. “ఎంతుంటది?” అన్నాడు బావ. “బిళ్లంత.” “బిళ్లనా, ఓడనా?” “రెండూ.” కారులో కాసేపు ఇంజన్ చప్పుడొక్కటే వినబడింది.

కరీంనగర్ రాగానే దిగువ మానేరు డ్యామ్ మీదికి తోలాను. 1985లో పూర్తయిన డ్యామ్. నిండితే మా కళ్లకు అదే సముద్రం. కట్ట కింద నీళ్ల అంచున ఓ జాలరి వెదురు బద్దలతో అల్లి పైన షీటు కప్పిన పుట్టిని తలకిందులుగా ఆరబెట్టుకుని, పక్కన వల సర్దుకుంటున్నాడు. దాన్ని చూడగానే బావ కారు ఆగకముందే తలుపు తెరిచాడు.

“ఇది కోరకల్!” అని అరిచాడు. “వేల్స్‌ల కెనార్త్ అని ఊరుంటది. దీనికే మ్యూజియం కట్టిండ్రు. టికెట్ కొని చూసిన!”

పుట్టి చుట్టూ తిరిగాడు. అంచు తడిమాడు. బద్దలు లెక్కపెట్టాడు. ఆగలేక ఆ జాలరితోనే చెప్పాడు: “మా దగ్గర గిది చూస్తానికి పైసలు తీసుకుంటరు, తెల్సా?”

ఆయన వల వదిలి తలెత్తాడు. “చూస్తానికే పైసలిస్తరా సారూ?”

“ఇస్తరు.”

“మరి ఎక్కితె ఎంతిస్తరు?”

బావ ఎక్కాడు. నీళ్ల మీద గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, చొక్కా సగం తడుపుకుని దిగాడు. చూసినందుకు, ఎక్కినందుకు, రెండు కిలోల రవ్వ చేపలకు కలిపి జాలరి ఒకటే రేటు చెప్పాడు. నేను బేరానికి దిగబోతే బావ నా చెయ్యి పట్టి ఆపి, “మ్యూజియంల బేరమాడుతరా బామ్మర్దీ?” అని అడిగినంతా లెక్కపెట్టి ఇచ్చాడు.