ఆ ఆదివారాన్ని మా ఖాతాకు జమ చేయండి

మహారాజశ్రీ మానవ వనరుల విభాగాధిపతి గారి దివ్య సముఖానికి, అకౌంట్స్ సెక్షన్‌లో వోచర్లు చూసుకునే ఉద్యోగి రాసుకున్న బహిరంగ విన్నపం.

అయ్యా,

తమరు పంపిన మెయిలు అందింది. పాపికొండల విహారం మీద అభిప్రాయాలు తెలపాలనీ, ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు వేయాలనీ, శుక్రవారం సాయంత్రంలోగా వేయనివారి పేర్లు వాళ్ల మేనేజర్లకు వెళ్తాయనీ అందులో సెలవిచ్చారు. నా సంగతి నక్షత్రాల్లో ఇమిడేది కాదు. మీకు విడిగా రాస్తే ‘మీ సూచన నమోదైంది’ అని నిమిషంలో జవాబొస్తుంది. అది మీరు చదవకముందే వస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకని ఇలా నలుగురి మధ్యా రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. ఆ ఆదివారం మేం డ్యూటీ చేశాం. బదులుగా ఒక కాంప్ ఆఫ్ ఇప్పించండి.

నవ్వుతారని తెలుసు. గోదారి గాలి, కంపెనీ ఖర్చుతో టిఫినూ భోజనమూ, పైగా ఊరికే వచ్చిన టీషర్టు, ఇంకా సెలవు కూడానా అంటారు. అనండి. ఏ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో చూడటమే నాకు తిండి పెడుతున్న పని కాబట్టి, ఈ పద్దు తప్పు రాశారని చెప్పే హక్కు నాకుందనుకుంటాను. వారానికి ఒక రోజు సెలవివ్వాలనీ, ఆ రోజు పని చేయించుకుంటే బదులు సెలవివ్వాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మనది ఫ్యాక్టరీ కాదు కదా అంటారేమో, దుకాణాలూ సంస్థల చట్టం కూడా వారానికో సెలవు ఇమ్మనే అంటుంది. కాబట్టి తేలాల్సింది ఆ రోజు మేం చేసింది పనా, విహారమా అన్నదే.

ముందు హాజరు సంగతి చూద్దాం. సర్క్యులర్లో ‘స్వచ్ఛందం’ అని రాశారు. దాని కిందే ‘రాలేనివారు కారణం రాతపూర్వకంగా తెలపాలి’ అని కూడా రాశారు. మా సెక్షన్‌లో ఒకావిడ, సోమవారం కూతురికి పరీక్ష ఉందని రాసిచ్చింది. ‘పరీక్ష పాప రాస్తుందా, మీరు రాస్తారా?’ అని మేనేజరు అడిగాడు. ఆవిడ వచ్చింది. శనివారం రాత్రి ఎల్బీ నగర్‌లో బస్సెక్కేటప్పుడు హాజరు వేశారు. రాజమండ్రిలో దిగాక వేశారు. గండి పోచమ్మ గుడి దగ్గర రేవులో బోటెక్కే ముందు మళ్లీ వేశారు. ఈ మూడోదానికి మిమ్మల్ని తప్పు పట్టను. అక్కడ ఎవరెవరు ఎక్కారో రాసుకోకుండా బోటు వదలకూడదు, వదలరు. మొదటి రెండూ మాత్రం మీ ఖాతాలోవే.

బోటు పై అంతస్తులో ముందు వరుస కుర్చీలకు కాగితాలు అంటించి ఉన్నాయి, ‘లీడర్‌షిప్’ అని. గాలి తగిలేదీ, కొండలు ముందుగా కనిపించేదీ అక్కడే. ఆ కాగితాలు రెపరెపలాడుతుండగానే మీ మొదటి కార్యక్రమం మొదలైంది. దాని పేరు ‘హోదాలు మరుద్దాం’. సార్, మేడమ్, గారు అనే మాటలు సాయంత్రం దాకా నిషేధం. ఎవరినైనా పేరు పెట్టే పిలవాలి, తప్పితే జరిమానా పాట పాడాలి. డెస్పాచ్‌లో పనిచేసే మా పెద్దాయన పరిస్థితి మీరు చూడలేదు. ‘గారు లేకుండా మనిషిని పిలవడం నా వల్ల కాదు బాబూ, పాట పాడటం అంతకన్నా కాదు’ అని, ఆ రోజంతా అందరినీ ‘ఏవండీ’ అంటూ నెట్టుకొచ్చాడు. రీజనల్ మేనేజరుని కూడా. ఇంట్లో వాళ్లావిడ తప్ప ఆయన్ని అలా పిలిచినవాళ్లు లేరనుకుంటా, రెండుసార్లు ఉలిక్కిపడి వెనక్కి చూశారు.

తర్వాత త్రైమాసిక లక్ష్యాల ప్రదర్శన. దీని గురించి ఎక్కువ చెప్పను. డిసెంబరు ఎండ నేరుగా తెర మీద పడి బొమ్మలేవీ కనిపించలేదు. ఉత్త తెల్లగుడ్డ ముందు నిలబడి మార్కెటింగ్ హెడ్డు ‘ఈ గీత ఎలా పైకి పోతోందో చూడండి’ అంటుంటే చప్పట్లు కొట్టాం. కొట్టామని నమోదు చేసుకోండి. సెలవు రోజున లక్ష్యాల సమావేశానికి చప్పట్లు కొట్టడం పని కాకపోతే మరేమిటో నాకు తెలియదు.

అంత్యాక్షరి దగ్గర కాస్త ఆగుతాను. పడవ పాటలనేసరికి ఆఫీసు రెండుగా చీలింది. రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాళ్లు 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ వైపు, మిగతావాళ్లు 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ వైపు. రెండింట్లోనూ ఇదే నది మీద భద్రాచలం దాకా ప్రయాణమే. ఇప్పుడు రాజమండ్రిలో లాంచీ ఎక్కి భద్రాచలం వెళ్లిపోవడం కుదరదు. పోలవరం కాఫర్ డ్యామ్ నదికి అడ్డంగా లేచాక, ఇటునుంచి పాపికొండలు చూసే బోట్లన్నీ దానికి ఎగువనే బయల్దేరుతున్నాయి. వరదొస్తే గండి పోచమ్మ గుడి కూడా నీళ్లలోకి పోతుంది, అప్పుడు బోట్లు కట్టేస్తారు. ఈ సంగతులు బోటు మైకులో చెప్పే కుర్రాడికి బాగా తెలుసు. అతను మొదలుపెట్టేలోపు మీవాళ్లు మైకు తీసేసుకున్నారు.

దేవీపట్నం వైపు పోతున్నప్పుడు ‘మ’ అక్షరం మీద రెండు జట్లూ గొంతు చించుకుంటున్నాయి. మన ఆఫీసు అటెండరుది ఆ మండలమే. అతను రెయిలింగ్ దగ్గర నిలబడి నా చొక్కా లాగి, నీళ్లలోంచి మొదలు లేకుండా లేచి ఉన్న చెట్ల కొమ్మలు చూపించాడు. ‘ఆ చింతచెట్టు పక్క వీధే సార్ మా మేనత్తది. పునరావాస కాలనీలో ఇల్లిచ్చారు గానీ గేదెల్ని కట్టేసుకోడానికి చోటు లేదని అమ్మేసింది’ అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే మైకులో అతని పేరే పిలిచారు, తన జట్టు తరఫున పాట అందుకోమని. వెళ్లి పాడాడు. బాగానే పాడాడు. ఆ మునిగిన ఊళ్ల మీదుగా పోతున్నంతసేపూ పాటలాపమని మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. అయితే ఊరు మునిగిన చోట, ఆ ఊరివాడి చేత పాట పాడించడం నౌకరీ కిందే వస్తుందని నా అభిప్రాయం. ఆ సెలవు మొదట అతనికే ఇవ్వండి.

ఇక లైఫ్ జాకెట్ల సంగతి. అసలు ఈ లేఖకు కారణం ఇదే.

కచ్చులూరు మందం దగ్గరికొచ్చేసరికి బోటు సిబ్బంది తీరు మారింది. అప్పటిదాకా టీ కప్పులు అందిస్తూ జోకులేస్తున్న కుర్రాళ్లు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి జాకెట్ల క్లిప్పులు లాగి చూశారు. 2019 సెప్టెంబరు 15న, వరద పోటు మీదున్నప్పుడు, రాయల్ వశిష్ఠ బోటు డెబ్భైమందికి పైగా జనంతో తిరగబడింది అక్కడే. అది కూడా ఆదివారమే. రెండొందల అడుగులకు పైగా లోతులో కూరుకుపోయిన ఆ బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ పైకి లాగలేకపోయింది. అప్పటికీ లోపల శవాలున్నాయి. హైదరాబాదు నుంచీ వరంగల్ నుంచీ మాలాగే జట్టుగా వచ్చినవాళ్లు ఆ బోటులో ఉన్నారు. రేవుల్లో కంట్రోల్ రూములూ, ఇంత గట్టి తనిఖీలూ ఆ తర్వాత వచ్చినవే. ఆ మలుపు దాటేదాకా మా సరంగు చక్రం మీంచి చూపు తిప్పలేదు. వయసు యాభై దాటి ఉంటుంది, మెళ్లో తువ్వాలు. వెనక ఎవరో వేసిన జోకుకు బోటంతా నవ్వితే ఆయన మెడ కూడా కదలలేదు.

అది దాటి కొండల మధ్యకొచ్చాం. నది ముందు ముందు మూసుకుపోయినట్టుంటుంది, దారెక్కడా కనిపించదు. బోటు దగ్గరికి పోయేకొద్దీ కొండొకటి పక్కకు తప్పుకుని కాస్త నీళ్లు చూపిస్తుంది. అంతలోనే ఇంకో కొండ అడ్డొస్తుంది. నా మాట వింటే మైకు కట్టేయడాన్ని కూడా ఇక్కడొక కార్యక్రమంగా పెట్టొచ్చు. మీ కార్యక్రమ పత్రంలో మాత్రం ఆ సమయానికి ‘గ్రూప్ ఫొటో’ అని ఉంది. అందరం నిలబడ్డాం. అప్పుడు మీ సహాయకుడికి తట్టింది, నారింజరంగు జాకెట్ల కింద టీషర్టుల మీది లోగో ఒక్కటీ కనిపించడం లేదని. ‘ఒక్క నిమిషం జాకెట్లు తీసేయండి’ అన్నాడు. రీజనల్ మేనేజరు అందరికన్నా ముందు క్లిప్పు విప్పారు, ఆదర్శంగా.

ఇంజను చప్పుడు తగ్గింది. సరంగు పైకి రాలేదు, తన చోటునుంచే కేకేశాడు. ‘ఎవరండీ జాకెట్ తీసింది? వేసుకునేదాకా బోటు ముందుకు పోదు.’ మీ సహాయకుడు కిందికి దిగి, వారెవరో తెలుసా అని నచ్చజెప్పబోయాడు. ‘ఎవరైతే నాకేంటండీ, తేడా వస్తే నీళ్లు అడుగుతాయా’ అన్నాడాయన. రీజనల్ మేనేజరు జాకెట్ వేసుకున్నారు. క్లిప్పు సరిగా పడకపోతే టీ కుర్రాడొచ్చి బిగించాడు. పొద్దున గంటసేపు ఆటలాడినా మరుపు రాని హోదాలు అక్కడ అరనిమిషంలో సర్దుకున్నాయి.

మీవాళ్లు అక్కడితో ఊరుకోలేదు. జాకెట్ మీద టీషర్టు వేసుకుంటే రెండూ కుదురుతాయి కదా అని ఒక ఆలోచన పుట్టింది. వాలంటీర్లుగా ఇద్దరు ట్రైనీలను పిలిచారు. ఒకడికి తల దూరింది, చేతులు రెండూ పైకి లేచి ఆగిపోయాయి. టీషర్టు పైకీ పోదు, కిందికీ రాదు. ఆ పిల్లాడు గుడ్డి గుమ్మటంలా డెక్కు మీద తిరుగుతుంటే పట్టుకుని కుర్చీలో కూలేసి, నలుగురు కలిసి లాగారు. చంక దగ్గర చిరిగింది. ఆ టీషర్టు ఖరీదు అతని జీతంలోంచి పట్టుకోవాలా అని అడుగుతూ పోయిన బుధవారం మా సెక్షన్‌కు నోటొచ్చింది. జవాబు నేనింకా రాయలేదు. చివరికి ఫొటో నారింజరంగులోనే దిగాం, కంపెనీ పత్రికలో లోగోలు కంప్యూటర్లో అతికించారు. నాది తలకిందులుగా పడింది. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు.

న్యాయంగా చెప్పాలి గనక, పేరంటపల్లి దగ్గర మాకు కాసేపు నిజంగా సెలవు దొరికింది. బాలానంద స్వామి పెట్టిన మునివాటమూ, వీరేశ్వర స్వామి గుడీ ఉన్న చోటు. మైకు బోటులోనే ఉండిపోయింది. కూతురి పరీక్షావిడ మెట్ల మీద కూర్చుని ఫోన్లో సిగ్నల్ వెతుక్కుంది, దొరక్క, పక్కనున్నావిడతో కబుర్లు చెప్పుకుంది. పదేళ్లుగా ఒకే అంతస్తులో పనిచేస్తున్నారట, ఇద్దరిదీ అమలాపురం పక్క ఊళ్లేనని ఆ మెట్ల మీద తెలిసింది. కొండరెడ్లు వెదురుతో చేసిన పూలూ బుట్టలూ అమ్ముతున్నారు. ఒకామె నిప్పుల మీంచి బొంగు తీసి, ఆకు మూత లాగి, రెండు దెబ్బలకు నిలువునా చీల్చింది. చికెన్ ఆవిరి మొహానికి కొట్టింది. నూనె చుక్క లేదు, ముక్కకు పచ్చివెదురు వాసన పట్టింది. మా సెక్షన్ అంతా పంచుకుని తిన్నాం. డబ్బులు అటెండరు కట్టాడు. ఆ వోచరు ‘జీఎస్టీ బిల్లు జత చేయలేదు’ అన్న రాతతో మీ విభాగం నుంచి తిరిగొచ్చింది. గోదారి ఒడ్డున బొంగు చీల్చే ఆమెను జీఎస్టీ నంబరు అడిగే ధైర్యం మీకుంటే ఈసారి మీరే స్వయంగా రండి. అన్నట్టు, మీరు ఆ రోజు రాలేదు. పనుందన్నారు, ఆదివారం.

సోమవారం తెల్లవారుజామున హైదరాబాదు చేరాల్సిన బస్సు ఎక్కడో ట్రాఫిక్‌లో చిక్కి పొద్దెక్కాక చేర్చింది. బయోమెట్రిక్ దగ్గర ఆలస్యమైనవాళ్లకు సగం రోజు కోత పడింది. ఆ జాబితా నా బల్ల మీదే ఉంది. బస్సు మీది, బోటు మీది, వేళలు మీవి. మరి ఆ ఆలస్యం మాదెలా అయింది?

చివరిగా ఒక ముందస్తు మనవి. వచ్చే ఏడాది విశాఖ నుంచి ఓడలో అని మీ విభాగంలో చర్చ నడుస్తోందట. 2022 జూన్‌లో అక్కడినుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహార నౌక బయల్దేరిందని పేపర్లలో చూశాం, క్రూయిజ్ టెర్మినల్ కూడా కట్టారు. ఓడ మంచిదే. బోటయితే సాయంత్రానికి రేవు వస్తుంది, ఎవరిళ్లకు వాళ్లం పోతాం. ఓడలో మీ కార్యక్రమ పత్రానికి రాత్రిళ్లు కూడా చిక్కుతాయి. వెళ్లాలనే ఉంటే పనిదినాల్లో పెట్టండి. కుటుంబాలను రానివ్వండి. లేదంటే మా మానాన మమ్మల్ని ఇంట్లో ఉండనివ్వండి, మూడోది చవక కూడా.

కాంప్ ఆఫ్ సోమవారం రోజు ఇస్తే సంతోషం. మంజూరు కాగితం మీద కారణం అని ఉన్న గడిలో ‘నదిపై విధులు’ అని రాస్తే చాలు, మిగతా పద్దు నేను సర్దుకుంటాను. సగం రోజు కోతల జాబితా మీద సంతకం పెట్టకుండా దీనితోపాటే వెనక్కి పంపుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
అకౌంట్స్ సెక్షన్, పై అంతస్తు, చివరి వరుస, ఎండ పడే వైపు కుర్చీ.

ప్రతులు: రీజనల్ మేనేజరు గారికి (గారు అని రాసినందుకు జరిమానా పాట బాకీ), క్యాంటీన్ నోటీసు బోర్డుకు, అటెండరుకు, వోచరు డబ్బులు నా జేబులోంచి జతచేసి.