పురుగును చూడకుండా పేరు పెట్టడం ఎలా?

మంచినీటి నులిపురుగుల మీద ప్రాజెక్టు తీసుకుని, రికార్డు సబ్మిట్ చేయాలన్న సంగతి ఆఖరి వారంలో గుర్తొచ్చిన విద్యార్థుల కోసం ఈ చిట్కాలు. పుస్తకాలు రాసినవాళ్లకి చేతినిండా తీరిక. మనకి లేదు. కాబట్టి వీలైనంత తక్కువ చూసి, వీలైనన్ని పేర్లు రాసే దారి వెతకాలి.

నమూనాతో మొదలుపెడదాం. బెజవాడలోనే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఉన్నాయి. ఏ గట్టు మీద బండి ఆపడానికి చోటుంటే అక్కడ దిగి గుప్పెడు బురద సంచిలో వేసుకోండి. చీటీ మీద ‘కృష్ణానది’ అంటే చాలు. తేదీ, లోతు, అడుగున ఇసకా ఒండ్రా, కాలువకి నీళ్లు వదిలారా కట్టేశారా అని అడిగే ఎగ్జామినర్ ఇంకా పుట్టలేదు. షికారు సరదా ఉంటే హంసలదీవి దాకా వెళ్లి, నది సముద్రంలో కలిసే చోట తవ్వినా అదీ కృష్ణ నీరేగా! అక్కడ ఒళ్లంతా నూగు ముళ్లతో, తలకి అటూ ఇటూ సుడి గుర్తులతో ఉప్పునీటి జాతులు దొరికితే వాటినీ మంచినీటి పట్టికలోనే ఎక్కించండి. కొల్లేరుకీ ఇదే సూత్రం. వేసవిలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు పైకి తన్నుకొస్తుందన్నది చేపల చెరువులవాళ్ల బాధ, మనది కాదు.

బురదలోంచి పురుగుల్ని తీయడానికి బేర్‌మన్ గరాటు అని ఒకటుంది. 1917లో ఆయన జావాలో ఉండగా చెప్పిన పద్ధతి. గరాటు కాడకి రబ్బరు గొట్టం తగిలించి, క్లిప్పు బిగించి, నీళ్లు పోసి, పైన జల్లెడలో పల్చటి కాగితం మీద బురద పెడతారు. పురుగులు మెలికలు తిరుగుతూ కాగితం దాటి నీళ్లలోకి వస్తాయి, పైకి ఈదలేక గొట్టం అడుక్కి జారతాయి. అంతా బాగానే ఉంది గానీ రాత్రంతా ఆగాలి. మీరు ఆగకండి. బురదనే స్లైడు మీద రాయండి.

తర్వాత చంపడం. దాదాపు 60 డిగ్రీల వేడికి చంపితే ఒక్కో జాతి తనకి అలవాటైన భంగిమలో ఆగుతుంది: ఒకటి నిటారుగా, ఒకటి కాస్త వంగి, ఇంకొకటి చుట్ట చుట్టుకుని. ఆ భంగిమ కూడా గుర్తింపుకి పనికొస్తుందంటారు. నేరుగా ఆల్కహాల్ పోస్తే అన్నీ ముడుచుకుపోయి ఒకేలా ఉంటాయి. అన్నీ ఒకేలా ఉంటే జాతి ఒకటే! ఎంత పని కలిసొచ్చిందో చూడండి.

ఇక సన్నగా ఉన్న ప్రతిదీ నులిపురుగే అనుకోండి. ఒంటి మీద ఖండాలు, వాటికి కట్టలు కట్టలుగా శూకాలు ఉంటే వానపాము చుట్టమనీ, గట్టి తలకాయతో ఎర్రగా ఉంటే కైరోనమస్ ఈగ పిల్ల అనీ సణిగేవాళ్లుంటారు. నులిపురుగుకి నిలువు కండరాలే తప్ప చుట్టు కండరాలు లేవు. అందుకే అది వానపాములా సాగి కుంచించుకోదు, ఒళ్లు అటూ ఇటూ వంచుతుందంతే. బతికున్నదాన్ని ఒక్క నిమిషం చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. అందుకనే బతికుండగా చూడొద్దు. బావిలో వెంట్రుకలాంటి పొడుగు పురుగు కనిపిస్తే నారికురుపు తిరిగొచ్చిందని పత్రికలకి ఫోన్ చేయండి. దేశంలో ఆఖరి రోగి 1996లోనే కనిపించాడనీ, 2000లో దేశం దాన్నుంచి బయటపడిందనీ, బావిలోది వేరే వర్గానికి చెందిన గోర్డియస్ పురుగు కావచ్చనీ ఎవరైనా అంటే వినకండి.

అసలు సరుకంతా తలలో ఉంది, కాబట్టి తల జోలికి వెళ్లకండి. నూనె చుక్క వేసి 100 రెట్ల లెన్సు దించితే లేనిపోని తంటా. మోనాంకస్ అనే ప్రజాతికి విశాలమైన నోటికుహరం, దాని గోడకి ఒక పెద్ద పన్ను. ఐరోనస్ నోరు పొడుగాటి ఇరుకు గొట్టం. మోన్‌హిస్టెరా నోరు చిన్నది, తల పక్కన ఆంఫిడ్ అనే గుండ్రటి గుర్తు. డోరిలైమస్‌కి కలం పాళీలా ఏటవాలుగా కోసిన బోలు శూలం. మోనాంకస్ వేటగత్తె. అది మింగిన పురుగు తాలూకు శూలం అరగక కడుపులో కనిపించవచ్చు. దాన్ని మోనాంకస్ అవయవాల్లో చేర్చి బాణం గుర్తు వేయండి. డోరిలైమస్ పిల్లలో ఇంకా మంచి అవకాశం ఉంది. వాడుకలో ఉన్న శూలం కాక, కుబుసం విడిచాక వాడబోయేది వెనకే సిద్ధంగా ఉంటుంది. ‘రెండు శూలాల కొత్త ప్రజాతి’ అని వెంటనే ప్రకటించండి. అందుకే పిల్లల్నే ఎంచుకోవాలి. జననేంద్రియాలు ఇంకా ఏర్పడలేదు గనక వాటి గురించి రాసే పనీ ఉండదు.

గుడివాడ వైపు పొలం గట్టున ఎవరైనా రైతు, “ఏవండీ, ఈ పురుగు వేళ్లకి పట్టేదేనంటారా?” అని అడిగితే, శూలం ఉంటే చాలు, “గుళికలు చల్లించండి బాబాయ్” అనేయండి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు. వరి వేళ్లని నిజంగా పాడుచేసే హిర్ష్‌మనియెల్లా ఒరైజే శూలానికి అడుగున మూడు గుబ్బలుంటాయి, ఆహారవాహిక నడుమ కవాటంతో ఒక ఉబ్బు ఉంటుంది, తోక కొసన చిన్న మొన ఉంటుంది. డోరిలైమస్‌లో ఆ గుబ్బలూ ఉండవు, ఆ ఉబ్బూ ఉండదు. కానీ రైతు ఎండలో నిలబడి ఉన్నాడు, మీరేమో లెన్సు తెచ్చుకోలేదు. ఒకవేళ వేరు పీకి చూపిస్తే, బుడిపెలు లేవు గనక నులిపురుగే లేదని మాట మార్చండి. హిర్ష్‌మనియెల్లా బుడిపెలు కట్టదు, వేరు లోపల తిరుగుతూ గోధుమరంగుకి తిప్పుతుంది అన్నది ఆయనకి చెప్పాల్సిన పని లేదు.

కొలతలు మాత్రం ధారాళంగా ఇవ్వండి, అంకెలుంటే రికార్డుకి నిండుదనం. డచ్చి శాస్త్రవేత్త డి మాన్ పేరు మీద మూడు నిష్పత్తులున్నాయి: పొడవుని వెడల్పుతో భాగిస్తే a, ఆహారవాహిక పొడవుతో భాగిస్తే b, తోకతో భాగిస్తే c. తోక అంటే మలద్వారం నుంచి కొస దాకా. మలద్వారం కనబడకపోతే ఊహించుకోండి. 1,200 మైక్రాన్ల పురుగులో 80 ఉన్న తోకని 100 అని రాస్తే c విలువ 15 నుంచి 12కి దిగుతుంది, పట్టికలో జాతి మారుతుంది. రెండో పేరు ఉచితం. డోరిలైమస్ స్టాగ్నాలిస్‌లో ఇంకా సులువు. ఆడదాని తోక దారంలా పొడుగు, మగదానిది పొట్టిగా గుండ్రం. మొగుడూ పెళ్లాలని రెండు జాతులుగా రాస్తే లెక్క ఇంకా పెరుగుతుంది.

గ్లిసరిన్‌లో పెట్టి అంచులకి మైనం పట్టించే చాదస్తం వద్దు, ఏళ్ల తరబడి నిలిచే స్లైడు ఎప్పటికైనా సాక్ష్యమే. నీటిచుక్కలో పెట్టండి. బెజవాడ ఎండకి మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. సరిచూస్తామని వచ్చినవాళ్లకి మీ బొమ్మ చూపించండి. అది పుస్తకంలోంచి దించిందే గనక పుస్తకంతో తప్పకుండా సరిపోతుంది.