గేటు బయటి రత్నాలు

2024లో ఐదుగురికి భారతరత్న ఇచ్చారు. వారిలో ఇద్దరి, పీవీ, అద్వానీల చరిత్ర తిరగేస్తే చాలు, మన పార్టీలకు పెద్దలమీద ప్రేమ ఎప్పుడు పుట్టుకొస్తుందో తెలిసిపోతుంది. ఇక వీళ్లు టికెట్ అడగరని రూఢి అయ్యాక.

1991లో పీవీ ఢిల్లీలో పుస్తకాలు సర్దేసి హైదరాబాద్ వచ్చేయాలనుకున్నారు. ఆ ఎన్నికల్లో పోటీ కూడా చేయలేదు. రాజీవ్ హత్యతో అంతా తారుమారై జూన్‌లో ప్రధాని అయ్యారు. తెలుగువాడన్న అభిమానంతో ఎన్టీఆర్ నంద్యాలలో అభ్యర్థిని పెట్టకపోతే, ఉప ఎన్నికలో 5.8 లక్షల మెజారిటీ! ఆ ఐదేళ్లూ ఆయన వరండాలో కుర్చీ దొరికితే అదే ఒక పదవి. 1996లో కాంగ్రెస్ పార్టీ ఓడింది, 1998లో ఆయనకు టికెట్టే లేదు. ఆ తర్వాత క్రమం తప్పకుండా వచ్చి కూర్చున్నది వకీళ్లేనేమో. ఎంపీల ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది, 2002లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు క్షమించినంత తేలిగ్గా పార్టీలు క్షమిస్తాయా? 2004 డిసెంబరులో ఆయన పార్థివ దేహం అక్బర్ రోడ్డులోని పార్టీ ఆఫీసు ముందు ఆగితే గేటు తెరుచుకోలేదు. మాజీ అధ్యక్షుడే, కానీ సభ్యత్వ రశీదు చూపించలేదు మరి! 2009లో అదే పార్టీ ప్రభుత్వం మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్‌కు ఆయన పేరు పెట్టింది. దానికి గేటు లేదు.

అద్వానీగారికి ఈ మర్యాద బతికుండగానే జరిగింది. 2014లో బీజేపీ పార్లమెంటరీ బోర్డు నుంచి లేపి మార్గదర్శక మండలిలో కూర్చోబెట్టారు. ఆ మండలి సమావేశమైందన్న వార్త ఏ పేపర్లోనూ నా కంటపడలేదు. దారి తెలిసినవాళ్లే అంతా, ఇక అడిగేదెవరు? రత్నాన్ని మాత్రం రాష్ట్రపతి స్వయంగా ఇంటికి తెచ్చిచ్చారు.

ఇద్దరినీ వెంటాడిన తేదీ ఒకటే: బాబ్రీ మసీదు కూలిన 1992 డిసెంబరు 6. తన జీవితంలో అత్యంత విషాదకరమైన రోజన్నారు అద్వానీ. ఆ విషాదానికి రెండేళ్ల ముందు రథం కట్టిందెవరో అడక్కండి, పెద్దవారు. పీవీ ఏకంగా పుస్తకమే రాశారు. అది వెలుగు చూసింది ఆయన పోయాక, 2006లో. కుర్చీలో ఉన్నన్నాళ్లూ పెగలని గొంతు దిగాక పెగులుతుంది. అప్పటికి వరండా ఖాళీ.

75 దాటినవారికి టికెట్ ఇవ్వకూడదన్నది పార్టీ నిర్ణయమని 2019లో అమిత్ షా చెప్పారు. 91 ఏళ్ల అద్వానీ గాంధీనగర్ సీటు షాకే దక్కింది. అలాంటి నిబంధన పార్టీ రాజ్యాంగంలోనే లేదని 2024లో మళ్లీ ఆయనే సెలవిచ్చారు. 2025 సెప్టెంబరులో మోదీకి 75 నిండాయి. కంగారేం లేదు, మార్గదర్శక మండలి తొలి జాబితాలోనే ఆయన పేరూ ఉంది. కొత్తగా ఆర్డరు కూడా తీయక్కర్లేదు.